పెగ్గీ యాష్‌క్రాఫ్ట్ వాచికం

నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా విభజించి, వాటిలో వాక్కును నాట్యానికి శరీరంగా ఎంచి, దాని విషయంలో నటులు ప్రత్యేక శ్రద్ధ వహించాలని విధించింది. ఇరవయ్యో శతాబ్దపు ఇంగ్లీషు రంగస్థలం మీద ఆ విధిని జీవితమంతా పాటించిన నటీమణులలో డేమ్ పెగ్గీ యాష్‌క్రాఫ్ట్ (1907–1991) అగ్రగణ్యురాలు. 'డేమ్' అనేది బ్రిటన్‌లో పురుషులకిచ్చే 'సర్' బిరుదుకు సమానంగా స్త్రీలకిచ్చే గౌరవం. ఆమెకది 1956లో లభించింది. భారతీయ ప్రేక్షకులలో చాలామంది ఆమెను 1984లో వచ్చిన 'ఎ పాసేజ్ టు ఇండియా' చిత్రంలోని మిసెస్ మూర్‌గానే ఎరుగుదురు. ఆ పాత్ర వేసేనాటికి ఆమె రంగస్థలం మీద అడుగుపెట్టి యాభై ఏడేళ్లు దాటింది. తెలుగువారు నాటక బృందాన్ని 'సమాజం' అంటారు. యాష్‌క్రాఫ్ట్ జీవితాన్ని అర్థం చేసుకోవడానికి 'తార' అన్న మాటకన్నా 'సమాజం' అన్న మాటే ఎక్కువ ఉపకరిస్తుంది. ఎందుకంటే ఆమె వాచికం ఏకాంత సాధనలో పుట్టినది కాదు, ఏళ్ల తరబడి ఒకే వేదిక మీద ఒకరి మాట ఒకరు వింటూ పెరిగిన నటుల మధ్య పండినది.

ఆమె 1907 డిసెంబరు 22న లండన్‌కు దక్షిణాన ఉన్న క్రాయ్‌డన్‌లో జన్మించారు. తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించగా, ఔత్సాహిక నటి అయిన తల్లి ఆమెను పెంచారు. ఎల్సీ ఫోగర్టీ వద్ద తల్లి కూడా కొంత కాలం వాచిక శిక్షణ పొందినవారే. పదహారేళ్ల వయసులో కూతురు అదే ఫోగర్టీ నడిపే సెంట్రల్ స్కూల్‌లో చేరారు. రాయల్ ఆల్బర్ట్ హాల్ భవనంలో నడిచే ఆ పాఠశాలలో లారెన్స్ ఒలీవియే ఆమెకు సహాధ్యాయి. ఊపిరిని అదుపులో పెట్టుకోవడం, అక్షరాన్ని స్పష్టంగా పలకడం, స్వరాన్ని శ్రావ్యంగా తీర్చడం అక్కడి ముఖ్య పాఠాలు. ఈ శ్రావ్యతా సాధన ఆ ఇద్దరికీ తృప్తినివ్వలేదు. తన అసలు గురువు ఒక పుస్తకమని యాష్‌క్రాఫ్ట్ తరువాత తలచుకునేవారు: మాస్కో ఆర్ట్ థియేటర్ స్థాపకులలో ఒకరైన స్తానిస్లావ్‌స్కీ రాసిన ఆత్మకథ 'మై లైఫ్ ఇన్ ఆర్ట్'. పాత్ర లోపలి సత్యాన్ని పట్టుకోనిదే స్వరమాధుర్యానికి విలువ లేదని, శాశ్వతంగా కలిసి పనిచేసే సమాజం లేనిదే ఆ సత్యం చిక్కదని ఆ పుస్తకం చెబుతుంది. పదహారు, పదిహేడేళ్ల వయసులో మనసుకెక్కిన ఆ ఆదర్శానికి ఇంగ్లండ్‌లో రూపం రావడానికి ఆమె యాభయ్యేళ్లు దాటేవరకు ఎదురుచూడవలసి వచ్చింది.

1926లో బర్మింగ్‌హామ్ రెపర్టరీ థియేటర్‌లో, జె.ఎం. బ్యారీ నాటకం 'డియర్ బ్రూటస్'లో, రాల్ఫ్ రిచర్డ్‌సన్ సరసన ఆమె వృత్తి నటిగా తొలిసారి కనిపించారు. 'రెపర్టరీ' అంటే ఒకే నాటకాన్ని జనం వచ్చినన్నాళ్లూ ఆడించక, ఒకే బృందం అనేక నాటకాలను సిద్ధం చేసుకుని వరుసగా ప్రదర్శించే పద్ధతి. నాలుగేళ్లు తిరగకముందే, 1930 మే నెలలో, లండన్ సవోయ్ థియేటర్‌లో ఆమె 'ఒథెల్లో'లో డెస్డిమోనా అయ్యారు. ఒథెల్లో పాత్రధారి అమెరికన్ నల్లజాతి గాయకుడు, నటుడు పాల్ రోబ్సన్. ఒక తెల్ల యువతిని నల్లజాతి నటుడు వేదిక మీద ముద్దాడడాన్ని సహించలేని వారు ఇరవై రెండేళ్ల ఆ నటికి దూషణలతో ఉత్తరాలు రాశారు. ఇంత గొప్ప కళాకారుడికి లండన్‌లో కొన్ని తలుపులు మూసి ఉండడం ఆమెను కలచివేసింది. జాతివివక్ష అంటే ఏమిటో తనకు స్వయంగా తెలిసింది అప్పుడేనని ఆమె తరువాత చెప్పారు. తక్కిన జీవితంలో మానవ హక్కుల పక్షాన ఆమె చేసిన సంతకాలకూ పాల్గొన్న సభలకూ మూలం ఆ ప్రదర్శనలోనే ఉంది. నటిగా కూడా అది ఆమెకు మలుపే. డెస్డిమోనాను నిస్సహాయురాలైన బొమ్మగా కాక, తండ్రినీ సభనూ ఎదిరించి తన వరుణ్ణి తాను ఎంచుకున్న స్త్రీగా ఆమె నిలబెట్టారని నాటి ప్రేక్షకులు గుర్తించారు.

1930ల దశాబ్దం ఆమెను నటుడు, దర్శకుడు జాన్ గీల్‌గుడ్ చెంతకు చేర్చింది. 1932లో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థుల నాటక సమాజం కోసం ఆయన దర్శకత్వం వహించిన 'రోమియో అండ్ జూలియట్'లో ఆమె జూలియట్. 1935లో లండన్ న్యూ థియేటర్‌లోనూ ఆమే. ఈ రెండో ప్రదర్శనలో గీల్‌గుడ్, ఒలీవియే ఇద్దరూ రోమియో, మెర్క్యూషియో పాత్రలను ఒకరివొకరు మార్చుకున్నారు. గీల్‌గుడ్ ఛందస్సును పాటలా సాగదీస్తే, ఒలీవియే దాన్ని విరగ్గొట్టి మాటలా విసిరేవారు. ఇంత భిన్నమైన ఇద్దరు రోమియోల ఎదుట ఒకే జూలియట్ నిలవాలంటే, కంఠస్థం చేసిన ధోరణి పనికిరాదు. ఎదుటి వ్యక్తి ఆ రాత్రి ఎలా పలికితే దానికి తగినట్టు తన మాట పుట్టాలి. ఆమె వాచికంలోని అసలు రహస్యం, అంటే వినికిడిలోంచి పుట్టే మాట, అక్కడే గట్టిపడిందని భావించడానికి ఆస్కారం ఉంది. 1936లో రష్యా నుంచి వలస వచ్చిన దర్శకుడు కొమిసార్‌జెవ్‌స్కీ చేతిలో చెహోవ్ 'సీగల్'లో నీనా పాత్ర, 1938లో మిషెల్ సాఁ-దెనీ చేతిలో 'త్రీ సిస్టర్స్'లో ఇరీనా పాత్ర ఆమెను స్తానిస్లావ్‌స్కీ ఆదర్శానికి మరింత దగ్గర చేశాయి. 'త్రీ సిస్టర్స్'కు వ్యాపార నాటకశాలల అలవాటును మించి వారాల తరబడి సాధన జరిగింది. నలుగురు పెద్ద నటులున్నా ఎవరూ ముందుకు తోసుకురాని ఆ ప్రదర్శనను ఇంగ్లీషు రంగస్థల చరిత్రలో మేలిమి ఉదాహరణగా ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ నాటకం ఆడిన, గీల్‌గుడ్ క్వీన్స్ థియేటర్‌లో నడిపిన ఏడాది కాలపు బృందం మాత్రం నిలవలేదు. ప్రభుత్వ సాయం లేని రోజుల్లో నటుడి సొంత డబ్బు మీద నడిచే సమాజానికి ఆయుష్షు తక్కువ.

ఆమె వ్యక్తిగత జీవితానికి ఈ ఉపన్యాసంలో పెద్ద చోటు అక్కరలేదు. ప్రచురణకర్తగా పేరుపొందిన రూపర్ట్ హార్ట్-డేవిస్‌తోనూ, కొమిసార్‌జెవ్‌స్కీతోనూ జరిగిన వివాహాలు త్వరగానే ముగిశాయి. 1940లో వివాహమాడిన న్యాయవాది జెరెమీ హచిన్‌సన్ వల్ల ఒక కుమార్తె, ఒక కుమారుడు కలిగారు. ఆ బంధమూ 1965లో తెగింది. యుద్ధానంతర కాలంలో 'ద హెయిరెస్' (1949), టెరెన్స్ రాటిగన్ 'ద డీప్ బ్లూ సీ' (1952), ఇబ్సెన్ 'హెడ్డా గాబ్లర్' (1954) ఆమెకు వరుసగా కీర్తి తెచ్చాయి. 'డీప్ బ్లూ సీ'లో తెర లేచేసరికి నాయిక హెస్టర్, గ్యాస్ పొయ్యి ముందు స్పృహతప్పి పడి ఉంటుంది: ఆత్మహత్యా ప్రయత్నంతో మొదలై, ఒక్క రోజు వ్యవధిలో బతకడానికి కారణం వెతుక్కునే స్త్రీ కథ అది. హెడ్డా పాత్రతో ఆమె ఇబ్సెన్ జన్మభూమి నార్వేకు వెళ్లినప్పుడు, ఆ దేశపు రాజు స్వర్ణ పతకంతో సత్కరించారు. పరాయి భాషలో తమ మహాకవి నాటకం చూసి నార్వే అంతగా ఆదరించడం ఆమె అందుకున్న గౌరవాలలో అరుదైనది.

1960లో ఇరవై తొమ్మిదేళ్ల పీటర్ హాల్ షేక్‌స్పియర్ పుట్టిన ఊరైన స్ట్రాట్‌ఫర్డ్‌లోని నాటకశాలకు అధిపతిగా వచ్చి, నటులతో మూడేళ్ల ఒప్పందాలు చేసుకుని, స్ట్రాట్‌ఫర్డ్‌లోనూ లండన్‌లోనూ ఏడాది పొడవునా పనిచేసే సమాజాన్ని నిర్మించాలని తలపెట్టారు. అప్పటికి ఇంగ్లండ్‌లో పేరున్న నటులెవరూ అంత కాలానికి కట్టుబడేవారు కాదు. సినిమా అవకాశమో, లండన్ వెస్ట్ ఎండ్ వ్యాపార నాటకమో చేజారుతుందన్న భయం. ఆ పథకాన్ని విన్న వెంటనే అంగీకరించిన తొలి ప్రముఖ నటి యాష్‌క్రాఫ్ట్. యాభై రెండేళ్ల వయసులో, ఆమెకన్నా పాతికేళ్లు చిన్నవాడైన పీటర్ ఓటూల్ సరసన 'టేమింగ్ ఆఫ్ ద ష్రూ'లో గయ్యాళి కేథరీనాగా ఆ సమాజపు తొలి ఏటనే వేదిక ఎక్కారు. 1961లో దానికి రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ అన్న పేరు వచ్చింది. ఆమె పేరు చూసి ఇతరులూ చేరారు గనుక, ఆ సంస్థ పునాదిరాళ్లలో ఒకటి ఆమె సంతకమే అనడం అతిశయోక్తి కాదు.

ఆ సమాజం సాధించిన మొదటి మహాకార్యం 1963లో ప్రదర్శించిన 'ద వార్స్ ఆఫ్ ద రోజెస్'. పదిహేనో శతాబ్దంలో ఇంగ్లండ్ సింహాసనం కోసం ఎర్ర గులాబీ గుర్తు గల లాంకాస్టర్ వంశానికీ, తెల్ల గులాబీ గుర్తు గల యార్క్ వంశానికీ మధ్య జరిగిన దాయాదుల పోరు మీద షేక్‌స్పియర్ రాసిన 'హెన్రీ ది సిక్స్త్' మూడు భాగాలనూ, 'రిచర్డ్ ది థర్డ్'నూ కుదించి, జాన్ బార్టన్ మూడు నాటకాలుగా కూర్చారు. అతుకుల కోసం ఆయన షేక్‌స్పియర్ ఛందస్సులోనే వెయ్యికి పైగా కొత్త పంక్తులు రాశారు. మూల నాటకాలు నాలుగింటిలోనూ కనిపించే మార్గరెట్ రాణి పాత్ర యాష్‌క్రాఫ్ట్‌ది. ఫ్రాన్స్ నుంచి పెండ్లికూతురుగా దిగిన నవయువతి, భర్త చేతకానితనం చూసి తానే సేనను నడిపే రాణి, కళ్లెదుటే కన్నకొడుకును పోగొట్టుకున్న తల్లి, చివరికి శత్రువుల వంశాన్ని శపిస్తూ తిరిగే ముసలిది: యాభై ఐదేళ్ల నటి ఇంచుమించు ఇరవై నుంచి డెబ్బై ఏళ్ల దాకా ఒక ఆడదాని జీవితాన్ని, మూడు నాటకాలూ ఒకే రోజున ఆడినప్పుడైతే ఉదయం నుంచి రాత్రిలోపు, ప్రేక్షకుల ముందు గడపవలసి వచ్చింది.

ఈ పాత్రలో ఒక ఘట్టాన్ని దగ్గరగా పరిశీలించాలి. వేక్‌ఫీల్డ్ యుద్ధంలో చిక్కిన యార్క్ ప్రభువును మార్గరెట్ ఒక చిన్న మట్టిదిబ్బ మీద నిలబెడుతుంది. చంపిన అతని చిన్న కొడుకు రక్తంలో ముంచిన చేతిగుడ్డను కన్నీళ్లు తుడుచుకొమ్మని చేతికిస్తుంది. రాజ్యం కోరిన తలకు కాగితపు కిరీటం పెడుతుంది. క్రౌర్యానికి ఇంతకన్నా నగ్నమైన దృశ్యం షేక్‌స్పియర్‌లో అరుదు. దీన్ని రాక్షసిలా గర్జించి నటించడం తేలిక. డొనాల్డ్ సిండెన్ పోషించిన యార్క్ ఎదుట యాష్‌క్రాఫ్ట్ చేసినది వేరు: ఎగతాళి నవ్వు మొదలై, ఆగక, తన అదుపు తప్పి, ఏడుపు ఎక్కడ కలిసిందో తెలియని స్థితికి చేరుతుంది. తాను చేస్తున్న పని తనను ఏమి చేస్తున్నదో ఆ స్త్రీకి ఒక క్షణం తెలిసివచ్చినట్టు ప్రేక్షకుడికి తోస్తుంది. నవ్వుకూ ఏడుపుకూ మధ్య జారే ఆ స్వరమే సాత్త్వికం, వాచికం ఒకటయ్యే చోటు. 1965లో బీబీసీ ఈ మూడు నాటకాలనూ టెలివిజన్‌లో ప్రసారం చేసింది. ఆమె జూలియట్, నీనా, హెస్టర్ వేదికతోనే గాలిలో కలిసిపోగా, మార్గరెట్ దక్కడం మన అదృష్టం.

1936లో నీనాగా నటించిన ఆమె 1964లో అదే 'సీగల్'లో నడివయసు నటి అర్కాదినాగా వచ్చారు. అంతటి పేరు సంపాదించినవారు ఆ వయసులో తెలిసిన పాత్రలతో సరిపెట్టుకుంటే ఎవరూ తప్పుపట్టరు. ఆమె మాత్రం బ్రెహ్ట్, మార్గరీత్ ద్యురాస్, ఆల్బీ, పింటర్, బెకెట్‌ల వైపు నడిచారు. హెరాల్డ్ పింటర్ 'ల్యాండ్‌స్కేప్' విషయం ప్రత్యేకించి చెప్పుకోదగినది. అప్పటి దాకా బ్రిటన్‌లో ప్రతి కొత్త నాటకానికీ రాజాస్థానపు అధికారి అయిన లార్డ్ ఛాంబర్లెయిన్ అనుమతి కావాలి. కొన్ని మాటలు తొలగించనిదే అనుమతి ఇవ్వబోమన్నారు, పింటర్ తొలగించనన్నారు. ఆ చట్టం రేడియోకు వర్తించదు కనుక 1968లో నాటకం ముందుగా బీబీసీ రేడియోలో, యాష్‌క్రాఫ్ట్ గొంతుతో, వెలువడింది. అదే సంవత్సరం నాటకాల మీద సెన్సార్ రద్దయ్యాక 1969లో వేదికెక్కింది. 1975లో నేషనల్ థియేటర్ కోసం పీటర్ హాల్ దర్శకత్వంలో బెకెట్ 'హ్యాపీ డేస్' చేశారు. అందులో విన్నీ అనే స్త్రీ మొదటి అంకంలో నడుము దాకా, రెండో అంకంలో మెడ దాకా మట్టిదిబ్బలో కూరుకుపోయి ఉంటుంది. చేతిసంచి, పళ్ల బ్రష్షు, గొడుగు మొదట తోడుంటాయి. తరువాత చేతులే లేవు. ఆంగికం మొత్తం పోయి కళ్లూ నోరూ మాత్రమే మిగిలిన నటికి వాచికమే దిక్కు. అరవై ఏడేళ్ల వయసులో తన కళలో ఒక అంగాన్ని తప్ప అన్నిటినీ వదులుకోవడానికి సిద్ధపడడం ఆమె సాహసానికి గీటురాయి.

భారతదేశంతో ఆమె అనుబంధం అనుకోని విధంగా, వార్ధక్యంలో మొదలైంది. 1978లో జేమ్స్ ఐవరీ 'హల్లబలూ ఓవర్ జార్జీ అండ్ బోనీస్ పిక్చర్స్' చిత్రం కోసం జోధ్‌పూర్ వచ్చి, విక్టర్ బెనర్జీ, అపర్ణా సేన్, సయీద్ జాఫ్రీలతో కలిసి నటించారు. తరువాత వచ్చినదే గ్రనాడా టెలివిజన్ పద్నాలుగు భాగాలుగా నిర్మించి 1984 ఆరంభంలో ప్రసారం చేసిన 'ద జ్యుయెల్ ఇన్ ద క్రౌన్'. 1966 నుంచి 1975 వరకు పాల్ స్కాట్ రాసిన నాలుగు నవలలు దీనికి ఆధారం. క్విట్ ఇండియా ఉద్యమం నుంచి దేశ విభజన వరకు, వెళ్లిపోబోతున్న తెల్లదొరల కుటుంబాల మనఃస్థితి దాని వస్తువు. యాష్‌క్రాఫ్ట్ పాత్ర బార్బీ బ్యాచెలర్: మిషన్ బడిలో పనిచేసి విరమించిన ఉపాధ్యాయిని, సైనికాధికారుల కుటుంబాల మధ్య అద్దె గదిలో ఉంటూ, తన అంతస్తు తక్కువని తెలిసీ తెలియనట్టు ఆగకుండా మాట్లాడే ముసలమ్మ. ఆమె మాటలను ఎవరూ వినరు. తాను ప్రార్థిస్తున్న దేవుడు కూడా వినడం లేదేమోనన్న అనుమానం ఆమెను లోలోపల తొలుస్తుంటుంది.

బార్బీ వెంట ఒక పెట్టె ఉంటుంది. అందులో మిషన్ జీవితపు గుర్తులు, విక్టోరియా రాణి ఎదుట ప్రజలు కానుకలు పట్టుకు నిలిచిన పటం ఒకటి. ఆ పటంలో అందరూ ఉన్నారుగానీ పేరులేని సామాన్య భారతీయుడు లేడని ఆమెకు నెమ్మదిగా తెలుస్తుంది. ఆశ్రయమిచ్చిన స్నేహితురాలు మరణించగానే ఇల్లు ఖాళీ చేయిస్తారు. పెట్టె బరువుకు టాంగా అదుపు తప్పి కొండదారిలో బోల్తాపడుతుంది. కడకు ఆసుపత్రి గదిలో, కిటికీలోంచి పార్సీలు తమ మృతదేహాలను పక్షులకు విడిచే మౌన గోపురాల వైపు చూస్తూ, నోరు విప్పడం మానేస్తుంది. ఈ పాత్రను ఇంగ్లీషు నటీమణులలో అత్యంత శిక్షిత స్వరం గల ఆమెకు ఇవ్వడంలో గొప్ప ఔచిత్యం ఉంది. తొలి భాగాల్లో తడబడుతూ, ఒకదాని మీదొకటి పడే మాటల వరద. చివర కాగితం మీద రాసి చూపే మౌనం. మాట విలువ తెలిసినవారికే మౌనం ఇంత బరువుగా పలుకుతుంది. భారతదేశంలో బ్రిటిష్ పాలన మీద తీసిన చిత్రాలన్నిటిలో ఆ పాలన నైతిక శూన్యతను ఒక నిష్కపటురాలి గుండెకోతగా చూపినది ఈ పాత్ర ఒక్కటే అనిపిస్తుంది.

ఈ చిత్రీకరణ ముగిసి అలసి ఉన్నప్పుడే 'ఎ పాసేజ్ టు ఇండియా' కోసం దర్శకుడు డేవిడ్ లీన్ పిలుపు వచ్చింది. ఆమె డెబ్బై ఐదేళ్లు నిండాయని సంశయించగా, తనదీ అదే వయసని ఆయన జవాబిచ్చారు. ఇద్దరికీ మూడు నెలలే తేడా. ఇ.ఎం. ఫార్‌స్టర్ 1924 నవలలో మరబార్ గుహలు బీహారు ప్రాంతానివి కాగా, లీన్ వాటిని బెంగళూరు సమీపంలోని సావనదుర్గ, రామనగరం కొండల వద్ద చిత్రించారు. 'షోలే' చూసిన తెలుగు ప్రేక్షకులకు రామనగరం బండలు పరిచయమే. మసీదులో చెప్పులు విప్పి అడుగుపెట్టి డాక్టర్ అజీజ్ గౌరవాన్ని పొందిన మిసెస్ మూర్, గుహలో ప్రతి శబ్దాన్నీ ఒకే అర్థంలేని మోతగా మార్చే ప్రతిధ్వని విన్నాక, ఎవరికీ ఏమీ వివరించలేక, అజీజ్ మీద మోపిన నేరం కోర్టులో విచారణకు రాకముందే ఓడ ఎక్కి సముద్రం మీద మరణిస్తుంది. ఆ మార్పుకు లీన్ ఇచ్చిన సంభాషణ చాలా తక్కువ. గుహలోంచి బయటికి వచ్చి కుర్చీలో కూలబడిన ఆమె ముఖమే దాన్ని మోయాలి. ఈ పాత్రకు 1985లో ఉత్తమ సహాయ నటిగా ఆస్కార్ లభించింది. డెబ్బై ఏడేళ్ల ఆమె ఆ విభాగంలో బహుమతి పొందిన అతి పెద్ద వయస్కురాలు. ఆ సభకు ఆమె వెళ్లలేదు. ఆమె తరఫున ఏంజెలా లాన్స్‌బరీ అందుకున్నారు.

1988లో షబానా ఆజ్మీ కూడా ఉన్న 'మదామ్ సూజాట్స్కా'లో ఆమె నటించారు. 1989లో స్టీఫెన్ పోలియకాఫ్ రచన 'షీజ్ బీన్ అవే'లో ఆమె పాత్ర, యవ్వనంలో కుటుంబం మానసిక చికిత్సాలయంలో వేసి మరచిపోగా అరవై ఏళ్ల తరువాత బయటికి వచ్చిన స్త్రీ. ఆమె చాలాసేపు మాట్లాడదు. చుట్టూ ఉన్నవారు తన మౌనాన్ని మతిలేనితనమనుకుంటుండగా ఆమె వారిని చూస్తూ, వింటూ ఉంటుంది. వెనిస్ చలనచిత్రోత్సవం ఉత్తమ నటి బహుమతిని ఆమెకూ సహనటి జెరాల్డీన్ జేమ్స్‌కూ కలిపి ఇచ్చింది. జీవితమంతా ఒంటరి కీర్తిని కోరని నటికి ఈ పెద్ద బహుమతి కూడా మరొకరితో పంచుకున్నదే కావడం సముచితం.

1991 జూన్ 14న ఆమె లండన్‌లో మరణించారు. స్ట్రాట్‌ఫర్డ్‌లో షేక్‌స్పియర్ చివరి ఇల్లు ఉండిన న్యూ ప్లేస్ తోటలో 1969లో ఆమె స్వయంగా ఒక మల్బరీ మొక్కను నాటారు. ఆమె సమాజం నాటకశాల అక్కడికి కొద్ది నిమిషాల నడక. ఆమె చితాభస్మాన్ని ఆ చెట్టు చుట్టూ చల్లారు.